ఒంటికి ఎట్లుంది?

నర్సింగు చదువు ముగించుకొని కొత్తగా ఉద్యోగాల్లో చేరబోతున్న అమ్మాయిలతో నాలుగు మాటలు మాట్లాడమని ఈమధ్య నన్నొక చోటికి పిలిచారు. మహారాష్ట్ర అంచున సిరొంచ వైపు పనిచేసిన నర్సు అనగానే పాముకాట్ల గురించో, వానాకాలంలో పడవ మీద చేసిన కాన్పుల గురించో చెబుతానని వాళ్లు ఎదురుచూశారు. అవీ ఉన్నాయి. కానీ తలుచుకున్నప్పుడల్లా నాకు నవ్వొచ్చే కథ మాత్రం మూత్రం గురించినది. ఆ మాట నా నోట్లోంచి రాగానే ముందు వరసలోని పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకొని తలలు దించుకున్నారు. సరే, అయితే ఇదే చెప్పాలి అనుకున్నాను. అక్కడ సమయం చాలక సగమే చెప్పాను. మిగతా సగం కోసం ఇలా రాస్తున్నాను.

నా చివరి పోస్టింగు సిరొంచ నుంచి అల్లపల్లి పోయే దారిలో ఒక చిన్న ప్రభుత్వ దవాఖానలో. రోగుల్లో సగంమంది తెలుగువాళ్లు, తక్కినవాళ్లు అడవి ఊళ్ల నుంచి వచ్చే గోండులు. రాతకోతలన్నీ మరాఠీలో. నాకు మూడు భాషలూ ఇబ్బంది లేదు. నేను పుట్టింది ఆ పక్క ఊళ్లోనే. మా అమ్మానాన్నలు కూలికి పోయేవాళ్లు. నన్ను మరాఠీ బడిలో వేశారు. గోండి మాత్రం రోగులే నేర్పారు.

నేను రిటైరవడానికి కొన్నేళ్ల ముందు మాకొక కొత్త డాక్టరమ్మ వచ్చింది. పుణె అవతల ఎక్కడిదో. చిన్న వయసు, సన్నటి మనిషి, భలే ఓపిక. ఇలాంటి మూలకు వేస్తే చాలామంది వచ్చిన రోజు నుంచే బదిలీకి ప్రయత్నాలు మొదలుపెడతారు. ఈమె వచ్చిన రోజు నుంచి తెలుగు నేర్చుకోవడం మొదలుపెట్టింది. రోగి చెప్పేది నేను మరాఠీలోకి మార్చి చెబుతుంటే ఆమెకు తృప్తి ఉండేది కాదు. వాళ్లు అంతసేపు మాట్లాడితే మీరు ఒక్క ముక్కలో తేల్చేస్తారేంటి సిస్టర్ అనేది. నిజమే, నేను అనవసరమైనవి తీసేసి చెప్పేదాన్ని. ఆ అనవసరమైనవే ఆమెకు కావాలట.

ఫోను దగ్గర పెట్టుకొని తెలుగు మాటలు వెతికి, అరచేతి మీద మరాఠీ అక్షరాల్లో రాసుకొనేది. మందులిచ్చే ఫార్మసిస్టు ఆమెకు స్వయం ప్రకటిత గురువు. ఆయన మా ఊరివాడే, నా వయసువాడే, తను చెప్పిన జోకుకు తానే ముందు నవ్వే రకం. "ఫోన్ల ఉన్న తెలుగు సినిమాలకు పనికొస్తది మేడం, సిరొంచల నడువది" అని చెప్పి, 'ఎలా' కాదు 'ఎట్ల' అనాలని, 'వచ్చాడు' కాదు 'వచ్చిండు' అనాలని దిద్దుతుండేవాడు.

ఇక పాటలత్త సంగతి చెప్పాలి. ఆమెను చుట్టుపక్కల అందరూ అలాగే పిలిచేవాళ్లు. పెళ్లి అంటే ఆమె ఉండాల్సిందే. వియ్యంకుల మీద, పెళ్లికొడుకు మీసాల మీద, అప్పటికప్పుడు పాట కట్టి పాడేది. పాడుతూ పాడుతూ తనే ముందు నవ్వేది, ఆమె నవ్వు చూసి పందిరంతా నవ్వేది. మనిషి పొడుగరి, గొంతు వాగు అవతలికి వినిపించేది. ఆమె భర్త నెమ్మదస్తుడు, మిరప చేను తప్ప వేరే లోకం లేనివాడు. వాళ్లకు పెళ్లీడు కొడుకులు ఉన్నారు, అందరికంటే చిన్నది ఒక కూతురు.

అలాంటి పాటలత్త రెండేళ్లుగా ఏ పెళ్లికీ పోవడం లేదు. అడిగితే గొంతు పోయిందనేది. మాట్లాడేటప్పుడు గొంతు బాగానే ఉండేది. మా దవాఖానకు మాత్రం తరచుగా వచ్చేది. నడుము నొప్పి, నీరసం, నిద్ర పట్టదు. బీపీ మాత్రలు ఎలాగూ నెలనెలా తీసుకోవాలి. మేము తైలమిచ్చేవాళ్లం, బలం గోళీలిచ్చేవాళ్లం, ఆమె తీసుకొని వెళ్లిపోయేది.

ఊళ్లో వాళ్లకు కారణం తెలుసు, లేదా తెలుసనుకున్నారు. పాటలత్త కూతురు జిమల్‌గట్ట దగ్గరి గోండు కుర్రాణ్ని ఇష్టపడి చేసుకుంది. కుర్రాడు అల్లపల్లిలో ఫారెస్టు డిపోలో ఉద్యోగి. తండ్రి మొదట కాస్త గొణిగాడు గానీ పెళ్లి ఊళ్లోనే, వాళ్ల వాకిట్లోనే చేశారు. ఆ పెళ్లిలో పాటలత్త వియ్యపురాలి మీద పాట అందుకొని, అందరూ విరగబడి నవ్వుతుండగా మధ్యలో చటుక్కున లేచి లోపలికి వెళ్లిపోయింది. మళ్లీ బయటికి రాలేదు. అప్పగింతలకు కూడా తలుపు చాటునే నిలబడింది. అల్లుడి తరఫువాళ్లు మొహాలు మాడ్చుకొని వెళ్లారు. ఆ తర్వాత ఆ తల్లీతండ్రీ కూతురి ఇంటి గడప తొక్కలేదు. కూతురికి నెల తప్పిందని తెలిసినా, పుట్టింటికి తీసుకురావడానికి ఎవరూ పోలేదు. సంబంధం నచ్చలేదు, లోపల కోపం ఉంది అని ఊరు తీర్పు చెప్పేసింది. కూతురూ అదే అనుకుంది. ఒకసారి ఫోనులో నాతో చెప్పి ఏడ్చింది కూడా.

ఆ రోజు వారపు సంత. బయట జనం కిక్కిరిసి ఉన్నారు. డాక్టరమ్మ చాలా ఉత్సాహంగా ఉంది, కొత్త వాక్యం ఒకటి నేర్చుకొని వచ్చిందట. మొదటి రోగి జ్వరంతో వచ్చిన ఒక పడుచు. డాక్టరమ్మ ఆమె కళ్లలోకి చూస్తూ, ఎంతో ఆప్యాయంగా, "ఒంటికి ఎట్లుంది?" అని అడిగింది.

ఆ పడుచు ఉలిక్కిపడి నా వైపు చూసింది. మంచిగానే ఉందని గొణిగి జ్వరం సంగతి చెప్పింది.

నాకు అర్థమైంది. ఫోనులో ఆమె చూసింది 'ఒంట్లో ఎలా ఉంది' అనే మాట. 'ఎలా' స్థానంలో గురువుగారి 'ఎట్ల' వచ్చింది. ఇక నేను రోజూ పరీక్ష కోసం డబ్బా ఇచ్చి, ఒంటికి పోయి ఇందులో పట్టుకొని రా అని రోగులకు చెబుతుంటాను కదా, అది విని 'ఒంట్లో'ను ఇక్కడివాళ్లు 'ఒంటికి' అంటారనుకుంది. మా వైపు ఒంటికి పోవడమంటే మూత్రానికి పోవడమే. అంటే ఆమె ఆరోగ్యం అడుగుతున్నాననుకొని వచ్చినవాళ్లందరినీ నీ మూత్రం ఎలా ఉందని అడుగుతోంది.

చెప్పి దిద్దుదామనుకునేలోపు పాటలత్త వచ్చి స్టూలు మీద కూర్చుంది. డాక్టరమ్మ అదే ఆప్యాయతతో అదే మాట అడిగింది.

పాటలత్త మొహంలో రంగు మారింది. తలుపు వైపు చూసింది. పరదా సరిగ్గా పడిందో లేదో చూసింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తర్వాత నెమ్మదిగా అంది.

"నీకెవలు చెప్పిండ్లు మేడం?"

డాక్టరమ్మకు ఏమీ అర్థం కాక నా వైపు చూసింది. నా నాలుక చివరిదాకా వచ్చిన మాటను మింగేశాను.

"ఎవ్వలు చెప్పలే అత్తా. మేడం అందర్నీ అడుగుతాంది" అన్నాను.

"అందర్నా? అంటే ఇది అందరికి ఉంటదా?"

"చానమందికి ఉంటది. చెప్పరు, గంతే."

ఆమె చేతులు ఒళ్లో పెట్టుకొని నేల చూస్తూ చెప్పింది. "తుమ్మితే పడ్తాంది. దగ్గితే పడ్తాంది. బిందె ఎత్తితే పడ్తాంది. నవ్వితే ఇగ ఆగనే ఆగది సిస్టరమ్మా. అందుకే నేను నవ్వుడే బంద్ జేసిన."

కూతురి పెళ్లి రోజు జరిగింది కూడా అదే. తన పాటకు తనే నవ్వింది, పట్టుచీర తడిసింది, లోపలికి పరిగెత్తింది. వాళ్లింట్లో ఆ రోజు ప్రతి గదిలోనూ చుట్టాలే. మార్చుకోవడానికి చోటు లేక తలుపు వెనకే నిలబడిపోయింది. తర్వాత అల్లపల్లికి పోదామంటే బస్సు. గుంతల దారిలో బస్సు ఎగిరిపడుతుంటే ఎట్లా కూర్చోవడం? అల్లుడి ఇంట్లో, కొత్త వియ్యపురాలి ముందు అలా జరిగితే ఎట్లా? ఎవరితో చెప్పుకోవాలో తెలియక నీళ్లు తాగడం తగ్గించేసింది. ఇప్పుడు మంట కూడా మొదలైంది. భర్తకు తెలియకుండా చీకటితోనే వాగుకు పోయి చీరలు ఉతుక్కొని వస్తోంది. ముసలితనంలో ఇది మామూలే కాబోలు, మందు లేని దానికి పరువు తీసుకోవడం ఎందుకు అనుకుందట.

ఈసారి నేను ఏ మాటా తీసేయలేదు. ఆమె చెప్పినదంతా చెప్పినట్టే డాక్టరమ్మకు మరాఠీలో చెప్పాను. డాక్టరమ్మ లేచి తలుపు గడియ పెట్టింది. పరీక్ష చేసింది, మూత్రం చూసింది, చక్కెర చూసింది. ఎన్ని కాన్పులు, రోజుకు ఎంత చాయ తాగుతావు, మలబద్ధకం ఉందా, రోజూ మింగే మాత్రలేవి అని ఒక్కొక్కటీ అడిగింది. ఒక్క తడిసిన చీర వెనక ఇన్ని ప్రశ్నలు ఉంటాయని నాకు అప్పటిదాకా తెలియదు.

ఆమె తేల్చింది ఏమిటంటే, కారణం ఒకటి కాదు. వరసగా కాన్పులు అయ్యాక మూత్రపు సంచిని కింది నుంచి పట్టి ఉంచే కండరాలు వదులయ్యాయి, దానికి తోడు నెలసరి ఆగిపోయిన వయసు. అందుకే పొట్ట మీద ఒత్తిడి పడగానే కారుతోంది. నీళ్లు మానేయడంతో మూత్రం చిక్కబడి, చీము పట్టి మంట వచ్చింది, అది సంచిని ఊరికే ఉండనివ్వదు. బీపీకి ఇస్తున్న మాత్ర ఒంట్లో నీటిని బయటికి పంపే రకం. పొద్దుటి కడక్ చాయ సరేసరి, అదీ మూత్రాన్ని తరుముతుంది. నేను పాటలత్తకు మన మాటల్లో చెప్పాను. బియ్యం సంచి మూతికి కట్టిన తాడు వదులైతే, సంచి కదిలినప్పుడల్లా గింజలు రాలవా, అలాగే. తాడు బిగించుకోవడం నీ చేతిలోనే ఉంది, దానికి వ్యాయామం ఉంది అన్నాను.

ఆ వ్యాయామం నేర్పడం ఒక తతంగం. గ్యాసు బయటికి రాకుండా పట్టుకున్నట్టు, మూత్రం మధ్యలో ఆపినట్టు కింది కండరాలను లోపలికి బిగించాలి, కాసేపు ఉంచి వదలాలి. పాటలత్త కళ్లు బిగించింది, పళ్లు బిగించింది, పిడికిళ్లు బిగించింది, ఊపిరి కూడా ఆపేసింది. అలా కాదని డాక్టరమ్మ తను చేసి చూపించింది. కానీ అది బయటికి కనబడే పని కాదు కదా. అర్థం చేసుకోవడానికి నేనూ చేశాను. అలా ముగ్గురం స్టూళ్ల మీద నిటారుగా, ఉలుకూ పలుకూ లేకుండా గోడను చూస్తూ కూర్చున్నాం. ఏదో సంతకం కోసం కిటికీలోంచి తొంగిచూసిన ఫార్మసిస్టు మా మొహాలు చూసి హడలిపోయాడు. ఎవరైనా పోయారా అని సైగ చేశాడు.

ఇచ్చిన మందుకు వారంలో మంట తగ్గింది. పాటలత్త ఇంక బాగైపోయిందనుకొని, వ్యాయామం వదిలేసి, కూతుర్ని చూసి వద్దామని ఎవరితోనూ చెప్పకుండా బస్సెక్కింది. జిమల్‌గట్ట చేరేలోపే చీర తడిసింది. అక్కడే దిగి, ఎదురొచ్చిన బస్సులో వెనక్కి వచ్చేసింది. నేరుగా మా దగ్గరికి వచ్చి మందు డబ్బా బల్ల మీద పెట్టి, మీ మేడం మందు ఉత్తదే అంది. నాకు బాధేసింది. డాక్టరమ్మ మాత్రం ఆమెను కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చింది. మందు పోగొట్టింది మంటను మాత్రమే, వదులైన కండరం గట్టిపడాలంటే నెలలు పడుతుంది అని చెప్పించింది. బీపీ మాత్ర మార్చింది. సొంతంగా మానెయ్యవద్దని గట్టిగా చెప్పింది. నీళ్లు సరిపడా తాగాలి, గంటల ప్రకారం ఒంటికి పోవాలి, ఆ గడువు కొంచెం కొంచెంగా పెంచుకోవాలి అంది. పాటలత్త కాసేపు అలిగి, డబ్బా తిరిగి తీసుకొని వెళ్లింది.

ఆ సాయంత్రం డాక్టరమ్మకు ఆమె తెలుగు వాక్యం అసలు అర్థం చెప్పాను. ముందు ఆమె మొహం ఎర్రబడింది. తర్వాత బల్ల మీద తల పెట్టి నవ్వింది. ఇప్పుడు మార్చుకుంటారా అని అడిగితే, మార్చుకోనంది. వారపు సంత రోజున మధ్యాహ్నం తలుపు వేసుకొని ఆడవాళ్లకు మాత్రమే అని పరీక్షలు మొదలుపెట్టింది. 'ఒంటికి అడిగే డాక్టరమ్మ' అని పేరు పడిపోయింది. అడవి ఊళ్ల నుంచి కూడా వచ్చేవాళ్లు. ఒకామెకు అసలు కారణం చక్కెర జబ్బు, అదుపులో లేక గంటగంటకూ పరుగు. ఇంకొకామెకు గర్భసంచి కిందికి జారింది, ఆపరేషనుకు గడ్చిరోలి పంపాం. పక్షవాతం వచ్చిన ఒక అవ్వకు రాబోతున్నట్టు తెలిసేది గానీ లేచి పోయేలోపే అయిపోయేది, మంచం పక్కనే కుండ పెట్టించగానే సగం కష్టం తీరింది. అందరూ చెప్పే బాధ ఒక్కటే, వెతికితే ఒక్కొక్కరిదీ ఒక్కో కారణం. ఇది వయసుతో వచ్చేదే అని సరిపెట్టుకుంటే ఎవరిదీ దొరకదు. పిల్లలూ, మీరు ఇంకేది మరిచినా ఇది మరవద్దు.

మిరప కోతలు అయ్యేసరికి పాటలత్త మా గదిలోకి వచ్చి, పరదా వేసి, గట్టిగా తుమ్మింది. దొంగ తుమ్ము. మళ్లీ తుమ్మింది. తర్వాత చీర కుచ్చిళ్లు దులిపి చూపించి, మహారాణిలా వెళ్లిపోయింది.

ఇంతలో అహేరి దవాఖానలో ఆమె కూతురికి ఆడపిల్ల పుట్టింది. బిడ్డను ఉయ్యాలలో వేసే తొట్టెల వేడుకకు రమ్మని అల్లుడు ఫోను చేశాడు. పాటలత్త ఎగిరి గంతేసింది. ఈసారి భర్త రానన్నాడు. చేనులోకి అడవి పందులు వస్తున్నాయన్నాడు. కోత అయిపోయిన చేలో పందులకు ఏం పనని ఆమె అడిగింది. అయితే మోకాలు నొప్పి అన్నాడు. అల్లుడంటే నిజంగా కోపం ఉన్నది ఇతనికేనని ఆమెకు అప్పుడు అనుమానం వచ్చింది. మూడు రోజులు అన్నం పెట్టి మాట్లాడకుండా కూర్చుంది. చివరికి ఆయన సరేనన్నాడు.

వేడుక రోజు పొద్దున వాళ్లు ఉండాల్సింది బస్సులో. కానీ ఆటోలో మా దవాఖానకు వచ్చారు. పాటలత్త కొత్త చీర కట్టుకొని, చంటిదానికి కుట్టించిన బొంతతో, మొహం కందగడ్డలా చేసుకొని దిగింది. వెనక ఆమె భర్త వంగిపోయి, గోడ పట్టుకొని నడుస్తున్నాడు.

"బస్సెక్కే యాళ్లకు కడుపు నొత్తాంది అంటాండు. అంత నాటకం. జర చూసి బస్సెక్కియ్యి సిస్టరమ్మా" అంది.

అది నాటకం కాదని ఆయన మొహం చూడగానే తెలిసింది. చెమటలు కారిపోతున్నాయి. డాక్టరమ్మ మంచం మీద పడుకోబెట్టి పొత్తికడుపు తడిమింది. బొడ్డు దాకా రాయిలా గట్టిగా ఉంది. ఆమె ఆయన చెవి దగ్గర వంగి, మామూలుగా అడిగే మాటే మెల్లగా అడిగింది.

ఆయన భార్య వైపు చూశాడు. ఆమెను బయటికి పంపమన్నాడు. పాటలత్త కదల్లేదు. ఆయనకు ఆగే ఓపిక లేదు.

"పొద్దుగాల నుంచి సుక్క సుక్క పడ్తాంది గని, పోదామంటే పోతలేదు. పానం పోతాంది సిస్టరమ్మా" అన్నాడు.

మిగతాది డాక్టరమ్మ అడుగుతుంటే ఒక్కొక్కటే బయటికొచ్చింది. చాలాకాలంగా రాత్రి పలుసార్లు లేవాల్సి వస్తోంది. ధార సన్నబడింది. పోసుకొని వచ్చినా మళ్లీ పంచె తడుస్తోంది. ఇంటి నుంచి దూరం పోవాలంటే భయం. ముందురోజు పడిశం పట్టిందని, ప్రయాణంలో బాగుండాలని కిరాణా కొట్లో జలుబు గోళీలు కొని రెండు పూటలా వేసుకున్నాడు.

పాటలత్త మంచం దగ్గరికి జరిగింది. "అందుకేనా నువ్వు తెల్లారకముందే వాగుకు పోయి తానం జేసేది?" అంది.

ఆయన నొప్పిలోనే తల తిప్పాడు. "నువ్వెందుకు పోయేదానివి?"

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ఒకే వాగు. ఈమె పై రేవులో చీర ఉతుక్కునేది, ఆయన కింది రేవులో పంచె జాడించుకునేవాడు. ఒకరికొకరు కనబడకుండా, ఒకరి కోసం ఒకరు దాచుకుంటూ, ఇన్నాళ్లు. పాటలత్తకు నవ్వొచ్చింది. ముందు కొంగు అడ్డం పెట్టుకొని ఆపుకోబోయింది. ఆగలేదు. రెండేళ్ల నవ్వు ఒక్కసారి తెగినట్టు, మంచం పట్టె పట్టుకొని, కళ్లలో నీళ్లు కారేదాకా నవ్వింది.

"నవ్వకే. ఈడ నా పానం పోతాంది" అన్నాడు ఆయన. ఆ మాటకు ఆమె ఇంకా నవ్వింది. ఆమె చీర పొడిగానే ఉంది.

డాక్టరమ్మ గొట్టం వేసింది. పక్కనుండి నేను అందించాను. గొట్టానికి తగిలించిన సంచిలోకి ధార కట్టింది. చాలాసేపు కారింది. నా సర్వీసంతా కాన్పుల గదుల బయట తండ్రులైనవాళ్ల మొహాలు ఎన్నో చూశాను. వాటిల్లో దేనిలోనూ అంత ఆనందం చూడలేదు. ఆయన రెండు చేతులెత్తి డాక్టరమ్మకు, నాకు, గొట్టానికి, కిటికీలోంచి తొంగిచూస్తున్న ఫార్మసిస్టుకు కూడా దండం పెట్టాడు.

డాక్టరమ్మ చెప్పింది నేను వాళ్లకు విడమరిచాను. మగవాళ్లకు వయసు మీదపడే కొద్దీ మూత్రనాళం మొదట్లో ఉండే గ్రంథి ఉబ్బి దారిని ఇరుకు చేస్తుంది. జలుబు గోళీ ఆ ఇరుకు దారిని పూర్తిగా మూసేసింది. సంచి నిండిపోయాక, నిండిన బిందె పొర్లినట్టు, చుక్కలు చుక్కలుగా కారుతుంది. ఆమెది పట్టి ఉంచలేని బాధ, ఆయనది వదలలేని బాధ. బట్ట తడవడం ఒక్కటే ఇద్దరికీ. ఆమెకు చెప్పిన వైద్యం ఆయనకు పనికిరాదు. దానికి స్కానింగు, వేరే మాత్రలు, పెద్ద డాక్టరు కావాలి. అందుకని అహేరికి పంపాలి అంది.

అహేరి పోవాలంటే అల్లపల్లి మీదుగానే పోవాలి. పాటలత్త వెంటనే బొంత చంకన పెట్టుకొని అంబులెన్సెక్కి కూర్చుంది. వాళ్లతో నేను వెళ్లాను. దారి గుంతలు మామూలే. ప్రతి గుంతకూ ఆయన అమ్మో అనేవాడు, ఆమె నవ్వేది. జిమల్‌గట్టలో డ్రైవరు బండి ఆపాడు. నాకు అవసరం లేదని ఆమె గర్వంగా అంది. అవసరం రాకముందే పోవాలని చెప్పాను కదా అని నేను కళ్లు పెద్దవి చేస్తే దిగి వెళ్లి వచ్చింది.

అల్లుడికి ఫోను చేశాం. మేము చేరేసరికి ఆయన అహేరి దవాఖాన గేటు దగ్గరే ఉన్నాడు, వేడుక కోసం వేసుకున్న కొత్త తెల్లచొక్కాతో. మామను స్ట్రెచరు మీదికి దింపుతుంటే వేలాడుతున్న మూత్రం సంచిని ఎవరు పట్టుకోవాలా అని అందరం ఒక్కక్షణం తటపటాయించాం. అల్లుడు వచ్చి పట్టుకున్నాడు. నడుము కంటే కిందికే పట్టుకోవాలని నేను చెబితే, అంత పొడుగు మనిషీ సగానికి వంగి, వార్డు దాకా అలాగే నడిచాడు.

మామ సిగ్గుతో ముడుచుకుపోయాడు. "ఇడువు బిడ్డా, నీ కొత్తంగి ఖరాబైతది" అన్నాడు.

అల్లుడు వదల్లేదు. నడుస్తూనే అడిగాడు. "మా మీద కోపం లేదు గద మామా? గది చెప్పు."

"కోపమా?" అన్నాడు పెద్దాయన. "నాకు రెండేండ్ల సంది యాడ పోసుకోవాల్నన్న ఫికరే. నీ మీద కోపం జెయ్యనీకి యాళ్ల యాడిది?"

అల్లుడు నవ్వలేదు. తలుపు దగ్గర ఆగి, చొక్కా చేతితో కళ్లు తుడుచుకొని, మళ్లీ వంగి నడిచాడు.

తొట్టెల వేడుకను పెద్దాయనకు తగ్గేదాకా వాయిదా వేశారు. మాత్రలు మొదలుపెట్టి, కొద్దిరోజుల తర్వాత గొట్టం తీసి, సొంతంగా పోతుందో లేదో చూశారు. ఆయన స్నానాలగదిలోంచి నడుము నిటారుగా పెట్టుకొని బయటికి వచ్చి తలూపగానే వార్డులో వాళ్లంతా చప్పట్లు కొట్టారని పాటలత్త నాకు ఫోనులో చెప్పింది. ఆయన మాత్రలు జీవితాంతం వాడాలి, మధ్యమధ్య చూపించుకోవాలి. ఏ గోళీ పడితే ఆ గోళీ కొట్లో కొనకూడదు. అంతే.

వేడుకకు నేనూ, డాక్టరమ్మా బస్సులో అల్లపల్లి వెళ్లాం. ఫారెస్టు క్వార్టర్ల ముందు టేకు చెట్ల మధ్య షామియానా వేశారు. పాటలత్త మా రాక కోసమే ఆగినట్టుంది. మొదటి పాట వియ్యపురాలి మీద కాదు, సొంత మొగుడి మీద కట్టింది. గొట్టం వేయించుకొని అంబులెన్సులో ఊరేగుతూ వచ్చిన పెళ్లికొడుకట. ఆయన తల వంచుకొని కూర్చొని మీసాల్లో నవ్వుకున్నాడు. అల్లుడు పక్కన కూర్చొని తల్లికి ప్రతి చరణమూ గోండిలో చెబుతున్నాడు. పాట మధ్యలో ఆపి, పెళ్లినాడు తను లోపలికి ఎందుకు పరిగెత్తిందో పాటలత్త అందరి ముందూ చెప్పేసింది. అల్లుడు అది కూడా తల్లికి చెప్పాల్సి వచ్చింది, చెవులు ఎర్రబడ్డాయి గానీ చెప్పాడు. ఆ వియ్యపురాలు లేచి వచ్చి పాటలత్తను రెండు చేతులా దగ్గరికి తీసుకుంది. గోండిలో ఏదో అంది. నాకు అర్థమైంది. ఇంతేనా, నా కొడుకు నచ్చినా నేను నచ్చలేదనుకున్నాను, అని.

పాటలు మళ్లీ మొదలయ్యాయి. పెద్దాయన ఎందుకో లేచి ఇంటి వెనక్కి నడిచాడు. పాటలత్త పాట ఆపకుండానే కళ్లతో ఆయన్ను సాగనంపి, తిరిగి వచ్చేదాకా అటే చూసి, ఆయన చెయ్యి ఊపాక రెట్టింపు గొంతుతో అందుకుంది.

బిడ్డను తొట్టెలలో వేశాక కూతురు నా పక్కకు వచ్చి కూర్చుంది. ఇంకా పురిటి నీరసం పోలేదు. చుట్టూ ఆడవాళ్లు, అత్తగారు, డాక్టరమ్మ, పొరుగిళ్ల పడుచులు. నా చెవిలో చెబుతుందేమోనని నేను కొంచెం వంగాను.

ఆమె వంగలేదు. చాయ ఎలా ఉందని అడిగినంత మామూలుగా, అందరికీ వినబడేట్టే అడిగింది.

"సిస్టరమ్మా, కాన్పయినంక నాక్కూడ తుమ్మితే జర పడ్తాంది. ఇప్పట్నుంచే ఏం జెయ్యాలె?"

ఎవరూ తలలు దించుకోలేదు. ఒకరిద్దరు పడుచులు వినడానికి ముందుకు జరిగారు. పాటలత్త తొట్టెల ఊపుతున్న చెయ్యి ఆపి కూతురి వైపు చూసింది. ఆ మాట అనడానికి తనకు ఎన్నేళ్లు పట్టిందో ఆమెకు తెలుసు. చెప్పు చెప్పు అన్నట్టు నాకు గడ్డం ఎగరేసి, మళ్లీ మనవరాలిని ఊపడం మొదలుపెట్టింది.